తొమ్మిదో హోదా గుమాస్తా అంగీ

ఈశాన్య చైనాలోని ఆచెంగ్‌లో పాత చక్కెర మిల్లు వెనక వీధిలో ఎవరైనా పెద్దవాళ్ళు మంచం పట్టారంటే, డాక్టరుకి కబురు వెళ్ళిన కాసేపటికే ఫు యాచిన్‌కీ కబురు వెళ్ళేది. ఆమె చేత్తో కుట్టిన బట్టల్లో పోవాలని ఆ వీధి ముసలివాళ్ళందరికీ కోరిక. బతికుండగానే పిలిపించుకుని కొలతలిచ్చేవాళ్ళు. రంగు చెప్పేవాళ్ళు. నడుం దగ్గర మరీ వదులుగా వద్దని వాదించేవాళ్ళు. ఒక ముసలమ్మ అయితే అంగీ పూర్తయ్యాక తొడుక్కుని, అద్దంలో చూసుకుని, పెట్టెలో దాచుకుని, ఆ తర్వాత ఇంకో పదకొండేళ్ళు బతికింది.

యాచిన్ చదువు నాలుగో తరగతితోనే ఆగిపోయింది. కుట్టుపని మాత్రం అత్తగారి పక్కన కూర్చుని నేర్చుకుంది. పోయినవాళ్ళ బట్టలకు పద్ధతులు వేరు. బొత్తాలు ఉండకూడదు, నాడాలే ఉండాలి. జతలుగా కాకుండా బేసి లెక్కన కుట్టాలి. బతికున్నవాళ్ళ అంగీకి ఎడమ రెక్క పైకి తెచ్చి కుడి చంక కింద కట్టుకుంటారు. పోయినవాళ్ళకు అది తిరగబడుతుంది. కుడి రెక్క పైకి వస్తుంది, ఎడమవైపు కడతారు. వీటన్నిటికంటే ముఖ్యమైనది దారం. సూదిలో దారం ఎక్కించాక చివర ముడి వేయకూడదు. ముడి లేకుండా మొదలుపెట్టాలి, ముడి లేకుండానే వదిలేయాలి. ముడి వేస్తే పోయిన మనిషిని ఇక్కడిది ఏదో ఒకటి పట్టుకుని లాగుతుందట, అడుగు ముందుకు పడదట. ముప్పై ఏళ్ళు అలా కుట్టిన చేతికి వేరే చెప్పాల్సిన పని ఉండదు. రెక్క ఎటు తిరిగి ఉందో కళ్ళు చూస్తాయి, ముడి వేయాలో వద్దో వేళ్ళే తేల్చుకుంటాయి.

ఆమెకు ఒక్కడే కొడుకు. వాడికి ముందు పుట్టిన ఇద్దరూ నిలవలేదు. అందుకని వీడు పుట్టగానే నాయనమ్మ షువాన్‌జు అని పేరు పెట్టింది. గుంజకు కట్టేసినవాడు అని అర్థం. కట్టేసి ఉంచితే ఎక్కడికీ పోడని ఆ ముసలామె ఆశ. పోయిన ఏడాది పన్నెండో నెలలో, రోడ్డు మీద మంచు గాజులా గడ్డకట్టిన ఒక పొద్దున, షువాన్‌జు నడుపుతున్న సరుకుల బండి జారి కాలవలో పడింది. వాడికి ఇరవై నాలుగేళ్ళు.

తలనెరిసినవాళ్ళు కుర్రవాళ్ళను సాగనంపకూడదని అక్కడి పద్ధతి. పిల్లలు ముందు పోతే తల్లిదండ్రులు గడప దాటకూడదు. మేనమామ కొడుకులు, స్నేహితులు అన్నీ చూసుకుంటారు. ఆ రోజు యాచిన్ ఎవరికీ చెప్పకుండా పెట్టెలోంచి నీలం పట్టు తీసి, కింద నిప్పు వేసి వెచ్చబెట్టుకునే ఇటుక మంచం మీద పరిచి, కత్తెర పట్టుకుంది. భర్త మేనత్త వచ్చి ఆ కత్తెర మెల్లగా తీసుకుంది. తల్లి కుట్టకూడదమ్మా, నీ చేతి కుట్టు గుర్తుపట్టి వాడు వెనక్కి తిరిగి చూస్తాడు, అంది. ఆసుపత్రి గేటు పక్కన కొట్లో ప్లాస్టిక్ సంచిలో దొరికే బట్టలు కొనితెచ్చారు. వీధిలో అందరికీ కుట్టిన ఆమె కొడుకు కొట్లో కొన్న బట్టల్లో వెళ్ళిపోయాడు. అవి వాడికి సరిపోయాయో లేదో కూడా ఆమెకు తెలియదు. అడగడానికి నోరు రాలేదు. భర్త చాంగ్‌షున్ వీధి వేడినీళ్ళ బాయిలరులో బొగ్గు వేసే మనిషి, మామూలుగానే తక్కువ మాటలవాడు. ఆ తర్వాత అసలు మాట్లాడడం మానేశాడు.

యాచిన్ సూది పట్టడం మానేసింది. పిలుపులు వస్తే కళ్ళు కనబడడం లేదని చెప్పి పంపేసేది.

శరత్కాలంలో పక్కింటి గుయ్‌లాన్ వచ్చి తలుపు బాదింది. గుయ్‌లాన్ కూడా ఇదే పని చేసే మనిషి, యాచిన్ కంటే నాలుగేళ్ళు పెద్ద, నోరు మాత్రం నలభై ఏళ్ళు పెద్ద. పాత మిల్లు షెడ్డులో సినిమావాళ్ళు దిగారట. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఇదే నేల మీద రాజధాని కట్టుకుని ఏలిన జుర్చెన్ల కథ ధారావాహికగా తీస్తున్నారట. కొలువులో నిలబడే అధికారులందరికీ అప్పటి బట్టలు అప్పటిలాగే కావాలట. చేతికుట్టు వచ్చిన ఆడవాళ్ళ కోసం వెతుకుతున్నారట.

"ఇంట్లో కూర్చుని గోడ చూస్తే గోడ నీకేం చెబుతుందే? లే. అక్కడ కనీసం పొయ్యి ఉంది, వెచ్చగా ఉంటుంది," అంది గుయ్‌లాన్.

యాచిన్ లేచింది. గోడ చూసి చూసి ఆమెకూ విసుగు పుట్టింది.

బట్టల పని చూసే ఆవిడ పేరు టోంగ్ వెన్‌లీ. హర్బిన్ నుంచి వచ్చింది, ముప్పై అయిదు దాటవు. అందరూ టీచరు అని పిలిచేవాళ్ళు. షెడ్డు గోడ నిండా బొమ్మలు అంటించింది. పాత సమాధుల్లో దొరికిన పట్టుబట్టల ఫొటోలు, కొలతలు, రంగులు. మొదటిరోజే అందరినీ నిలబెట్టి చెప్పింది. పెద్ద హోదావాళ్ళకు ఊదారంగు, మధ్యవాళ్ళకు ఎరుపు, చివరి రెండు హోదాలకు ఆకుపచ్చ. ఊదా అంగీ మీద పువ్వు అరచేయంత ఉంటుంది. హోదా తగ్గేకొద్దీ పువ్వు చిన్నదవుతుంది, వేలిగోరంత, నువ్వుగింజంత. ఎనిమిది, తొమ్మిది హోదాల గుమాస్తాలకు పువ్వే లేదు, సాదా బట్ట. మెడ గుండ్రం, చేతులు ఇరుకు, చంక కింద కుట్టు, నడుం కింద కుచ్చెళ్ళు. తర్వాత ఒక అంగీని బల్ల మీద పరిచి రెక్కలు ముడిచి చూపించింది. కుడి రెక్క పైకి వచ్చింది.

షెడ్డులో ఉన్న పద్నాలుగు మంది ఆడవాళ్ళూ ఒక్కసారి చేతులు వెనక్కి తీసుకున్నారు.

అది చచ్చినవాళ్ళ కట్టు కదా అని వెనకనుంచి ఎవరో అన్నారు. బతికున్న నటులకు అలా తొడుగుతారా అని ఇంకొకరు. వెన్‌లీ ఓపిగ్గా చెప్పింది. జుర్చెన్లు బతికున్నప్పుడే అలా కట్టుకునేవాళ్ళు. దక్షిణాదివాళ్ళు కుడివైపు, వీళ్ళు ఎడమవైపు. తర్వాత తర్వాత అందరూ కుడివైపుకి మారిపోయారు. ఎడమవైపు కట్టు చచ్చినవాళ్ళకే మిగిలింది. మీ తాతల తాతల కట్టే ఇది, మీ వీధిలో సగంమంది వాళ్ళ వంశంవాళ్ళే, అంది.

"అయితే ఏమిటి, ఆ తాతలందరూ చచ్చినవాళ్ళేగా," అంది గుయ్‌లాన్. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో పని మొదలైంది. ముగ్గురు మాత్రం మర్నాడు రాలేదు.

యాచిన్‌కి మొదట ఎరుపు అంగీలకు అంచులు ఇచ్చారు. అది మామూలు పని. పొయ్యి పక్కన పదకొండు మంది కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, మొగుళ్ళను, కోడళ్ళను ఆడిపోసుకుంటూ కుట్టేవాళ్ళు. మధ్యాహ్నం పులిసిన క్యాబేజీ పులుసు, జొన్నరొట్టె. ఆమె మాట్లాడేది కాదు గానీ వినేది. ఇంటికి వెళ్ళాక చాంగ్‌షున్‌కి అన్నం వడ్డిస్తూ ఆ రోజు విన్న ఒకటో రెండో మాటలు చెప్పేది. అతను తల ఊపేవాడు. ఆ ఇంట్లో అంతమాత్రం మాటలు వినబడి చాలా నెలలైంది.

పదో నెల మొదటిరోజున అందరిలాగే ఆమె కూడా నాలుగు దారుల కూడలికి వెళ్ళి కాగితం బట్టలు కాల్చింది. చలికాలం రాబోతోంది, పోయినవాళ్ళకు వెచ్చటి బట్టలు పంపాలి. కొట్లో అమ్మే కాగితం కోటు మీద బొత్తాలు అచ్చువేసి ఉన్నాయి. నిప్పు అంటగానే అది భగ్గుమని అరక్షణంలో పోయింది. అది వాడికి చేరిందని ఆమెకు నమ్మకం కుదరలేదు.

ఆ వారమే వెన్‌లీ ఆమెను పిలిచి ఒక కాగితం ఇచ్చింది. ఆకుపచ్చ అంగీలు పన్నెండు కుట్టాలి. పదకొండు మిషను మీద అయిపోయాయి. పన్నెండోది చేత్తో కుట్టాలి. దాన్ని వేసుకునే కుర్రాడు తొమ్మిదో హోదా గుమాస్తా. కథలో వాడికి ఉన్నది ఒక్క దృశ్యం. సరిహద్దు నుంచి కబురు తెచ్చి రాజు ముందు మోకరిల్లి చెబుతాడు. కెమెరా వాడి భుజం మీదనుంచే మొదలవుతుంది, ప్రతి కుట్టూ కనబడుతుంది. మీ చేతి కుట్టే కావాలి, అంది వెన్‌లీ.

కాగితంలో కుర్రాడి పేరు చీ మింగ్‌యూ. కింద కొలతలు, సెంటీమీటర్లలో. యాచిన్ పేరు చదివి కొలతలకు వచ్చింది. మెడ ఎముక నుంచి మణికట్టు దాకా ఎనభై మూడు. భుజం నలభై ఆరు. ఛాతీ తొంభై నాలుగు.

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. మళ్ళీ తీసి చూసింది. షువాన్‌జుకి కోటు కొనడానికి వెళ్ళినప్పుడల్లా కొట్లో చెప్పే అంకెలే అవి. అలాంటి కొలతలున్న కుర్రాళ్ళు ఊరినిండా ఉంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

బట్ట కత్తిరించడానికి ఒక పూట పట్టింది. ఆ పూటంతా ఆమె ఎవరి మాటా వినలేదు. మర్నాడు కుట్టు మొదలుపెట్టింది. మెడ, రెక్క, చంక కింద పొడవాటి కుట్టు. కుట్టు చిన్నగా, వరి నూకల్లా వరుసగా పడుతోంది. వెన్‌లీ రెండుసార్లు వచ్చి చూసి, ఫొటో తీసుకుని వెళ్ళింది. మూడోరోజు కుడి చంక కింద దారం అయిపోయింది. కొత్త దారం ఎక్కించి, పాత దారం ఎక్కడ ముగిసిందా అని యాచిన్ వేలితో తడిమింది. చివర ముడి తగలలేదు. వెనక్కి జరిపింది. మొదట్లోనూ లేదు. రెండో వైపు తిప్పి చూసింది. మూడురోజుల కుట్టులో ఒక్కచోట కూడా ముడి లేదు.

రెక్క ఎడమవైపు తిరిగి ఉంది. కొలత వాడిది. చేతులు వాటికి తెలిసిన పని చేసేశాయి.

అప్పుడే విప్పి ఉంటే అది వట్టి పొరపాటు. గంట పని, కొనలు విప్పి ముళ్ళు వేసుకుంటే సరిపోయేది. ఆమె విప్పలేదు. కాసేపు అలాగే కూర్చుని, కొత్త దారం కొన నాలికతో తడిపి, ముడి వేయకుండానే సూది దింపింది. అంతవరకూ చేతులు చేశాయి. అక్కడినుంచి చేసింది ఆమె.

తను ఏం చేస్తున్నదీ ఆమెకు బాగా తెలుసు. ఇది కొడుకు అంగీ. కత్తెర లాక్కోకుండా ఉంటే ఆ రోజు ఇటుక మంచం మీద కుట్టి ఉండేది ఇదే. కానీ దీన్ని తొడుక్కోబోయేవాడు వేరే కుర్రాడు, బతికున్నవాడు. పోయినవాళ్ళ కుట్టు బతికున్న ఒంటి మీద పడితే ఏమవుతుందో అత్తగారు చెప్పలేదు. అలా ఎవరూ చేయరు కనుక చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఏదో అవుతుందని మాత్రం యాచిన్ నమ్మకం. ఆ నమ్మకం లేకపోతే ఈ కుట్టుకు కూడా అర్థం లేదు.

రెండురోజుల తర్వాత గుయ్‌లాన్ ఇస్త్రీ కోసం ఆ అంగీని చేతిలోకి తీసుకుంది. తిరగేసి, లోపలి కుట్టు మీద మామూలుగా వేలు నడిపింది. చంక దగ్గర వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకు వెళ్ళింది. అటూ ఇటూ చూసి యాచిన్ పక్కన వచ్చి కూర్చుంది.

"ముడేదే?"

యాచిన్ సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంది.

"నిన్నే అడిగేది. ఇది ఎవరికి కుడుతున్నావు?"

"కాగితంలో పేరుంది కదక్కా."

"కాగితంలో ఉన్న పిల్లాడు ఊపిరి పీలుస్తున్నాడు. వాడికీ ఒక తల్లి ఉండి ఉంటుంది."

యాచిన్ తల వంచుకుంది. రేపు విప్పుతాను అంది. గుయ్‌లాన్ అంగీని మడిచి ఆమె ఒళ్ళో పెట్టింది. తను ఎవరికీ చెప్పననీ, కానీ షూటింగు రోజుకి ఆ అంగీకి ముళ్ళు ఉండాలనీ, లేకపోతే తనే అందరిముందూ చించేస్తాననీ చెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, నీ బాధ నాకు తెలియక కాదే అంది. ఎప్పుడూ వెక్కిరించే మనిషి అలా మాట్లాడేసరికి యాచిన్‌కి భయం వేసింది.

మర్నాడు విప్పలేదు. ఆ మర్నాడూ విప్పలేదు. రోజూ పొద్దున చిన్న కత్తెర తీసి పక్కన పెట్టుకునేది, సాయంత్రం లోపల పెట్టేసేది. ఒకరోజు ధైర్యం చేసి వెన్‌లీని అడిగింది, షూటింగు అయిపోయాక ఒక అంగీ ఇక్కడ ఉంచేయడానికి కుదురుతుందా, సాదా ఆకుపచ్చదైనా చాలు అని. వెన్‌లీకి ఆమె ఎందుకు అడుగుతోందో తెలియదు. గుర్తుగా ఉంచుకోవడానికి అనుకుంది. ప్రతి అంగీకీ నంబరు ఉందనీ, అన్నీ పెట్టెల్లో దక్షిణాదికి వెళ్ళిపోతాయనీ, అక్కడ వేరే సినిమాలకు అద్దెకు ఇస్తారనీ చెప్పింది. కావాలంటే దాన్ని పట్టుకుని ఫొటో దిగండి పెద్దమ్మా, నేను తీస్తాను, అంది. యాచిన్ ఫొటో దిగింది. ఆ ఫొటోలో ఆమె అంగీని భుజాల దగ్గర పట్టుకుంది, ఎవరినో నిలబెట్టి పట్టుకున్నట్టు.

అద్దెకు ఇస్తారన్న మాట విన్నాకయినా విప్పేయాలి. ఎంతమంది ఒళ్ళమీదికో వెళ్తుంది ఆ అంగీ. అది తెలిసీ ఆమె చేయి కదలలేదు. విప్పితే కొడుక్కి ఇక ఏమీ లేదు. కొట్టుబట్టలే, కాగితం కోటే.

పదకొండో నెలలో ఆషి నది గడ్డకట్టాక షూటింగు మొదలైంది. నది పక్కన గుడారాలు వేసి కొలువు కట్టారు. కుట్టుపనివాళ్ళలో యాచిన్‌నీ గుయ్‌లాన్‌నీ సూదీ దారంతో అక్కడే ఉండమన్నారు. బస్సులో వెళ్తుండగా గుయ్‌లాన్ అడిగింది, వేశావా అని. వేశాను అని యాచిన్ చెప్పింది. గుయ్‌లాన్ నమ్మింది. ముప్పై ఏళ్ళలో యాచిన్ ఆమెతో అబద్ధం ఆడడం అదే మొదటిసారి.

మింగ్‌యూ షెన్‌యాంగ్ కుర్రాడు. ముఖం షువాన్‌జుది కాదు. గుండ్రటి ముఖం, పెద్ద చెవులు, నోరు మూయకుండా మాట్లాడతాడు. యాచిన్ అంగీ తొడుగుతుంటే చలికి గంతులు వేస్తూ, "పెద్దమ్మా, తొమ్మిదో హోదావాడికి పువ్వయినా లేదు, కనీసం దూదయినా వేయాల్సింది," అన్నాడు. ఆమె నవ్వలేదు. అంగీ చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. భుజాలు సరిపోయాయి. కుడి రెక్క పైకి తెచ్చి, ఎడమ చంక కింద నాడాలు కట్టింది. వాడి వీపు వెనక్కి వెళ్ళి నిలబడింది. వెనకనుంచి చూస్తే ఆ పెద్ద చెవులు నల్లటి తలగుడ్డలో మునిగిపోయి కనబడలేదు. ఆమె అక్కడినుంచి కదలలేకపోయింది. ఎవరో పిలిచి పక్కకు జరిపారు.

జుర్చెన్ల దండం మామూలు దండం కాదు. చేతులు కట్టుకుని వంగి, ఒక అడుగు వెనక్కి వేసి, ఎడమ మోకాలు నేలకు ఆనించి, మోచేతులు విదిలిస్తూ అంగీ చేతుల అంచులను మోకాళ్ళ దాకా దించి భుజాల దాకా ఎత్తాలి. నాలుగుసార్లు. పద్ధతి నేర్పే ముసలాయన నేల మీద కర్రతో తాళం వేస్తున్నాడు. మింగ్‌యూ మోకరిల్లాడు. ఒకటి. రెండు. మూడోసారి చేతులు పైకి లేపేసరికి కుడి చంక కింద కుట్టు చప్పుడు లేకుండా విడిపోయింది. చంక నుంచి నడుం దాకా. దారం తెగలేదు, పొడుగ్గా జారి మంచు మీద పడింది.

ముందు అందరూ నవ్వారు. వెన్‌లీ పరుగెత్తుకొచ్చింది. కుట్టు అంచు పట్టుకుని చూసింది, కింద పడిన దారం తీసింది. రెండు కొనలూ చూసింది.

"దీనికి ముడే లేదు," అంది.

నవ్వు ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళలో సగంమంది ఊరివాళ్ళు. గుంపులో వేషం వేసుకున్న ముసలాళ్ళు, గుర్రాలు పట్టుకున్నవాళ్ళు, టీ పోసే ఆడవాళ్ళు. ముడి లేని దారం అంటే ఏమిటో వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. ఒకామె టీ కూజా కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసింది.

గుయ్‌లాన్ ముందుకొచ్చింది. చలికి దారం బిగుసుకుని ముడి ఊడి ఉంటుందనీ, తను కూడా చూశాననీ, పట్టుదారంతో ఇదే తంటా అనీ గబగబా చెప్పుకుపోయింది. వెన్‌లీ నమ్మేలాగే ఉంది. యాచిన్ నోరు విప్పకుండా ఉంటే అది అక్కడితో పోయేది. వేరే ఎవరైనా కుట్టేసేవాళ్ళు.

మింగ్‌యూ మాత్రం నవ్వడం లేదు. వాడికీ అర్థమైనట్టుంది. పక్క విడిపోయిన అంగీని చేత్తో అదిమి పట్టుకుని ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూస్తున్నాడు. వాడి పెదవులు నీలంగా ఉన్నాయి. చలికో భయానికో తెలియదు.

"ముడి ఊడలేదు టీచరమ్మా," అంది యాచిన్. "నేనే వేయలేదు. తెలిసే వేయలేదు."

వెన్‌లీ ఆమెను చూసింది. చుట్టూ నిలబడ్డవాళ్ళను చూసింది. హర్బిన్‌లో ఆవిడకూ ఇలాంటివి చెప్పిన ఒక అమ్మమ్మ ఉండే ఉంటుంది. కోపం ముఖం మీదికి వచ్చింది, మళ్ళీ ఎటో పోయింది. పొద్దు వాలిపోతోంది, కెమెరా ఆగి ఉంది, నడుం బెల్టు, కత్తి, సంచి అన్నీ విప్పి మళ్ళీ కట్టడానికి టైము లేదు. ఒంటి మీదే కుట్టండి, ముడి వేసి కుట్టండి, అంది.

గుయ్‌లాన్ సూది అందుకోబోయింది. యాచిన్ ఇవ్వలేదు.

ఒంటి మీద బట్ట కుట్టేటప్పుడు ఆ మనిషి నోట్లో ఒక దారం ముక్క పట్టుకోవాలి. లేకపోతే ఆ మనిషి మీద లేనిపోని నింద పడుతుందంటారు. యాచిన్ దారం తుంచి మింగ్‌యూకి ఇచ్చింది. వాడు పళ్ళ మధ్య పట్టుకున్నాడు.

"ఈ అంగీ ఎవరిది పెద్దమ్మా?" అన్నాడు, దారం పడిపోకుండా పళ్ళ సందునుంచి.

"మా అబ్బాయిది."

వాడు చేయి పైకెత్తి తల పక్కకు తిప్పుకున్నాడు.

చలికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. దారం కొన చూపుడువేలి చుట్టూ తిప్పి, బొటనవేలితో దొర్లించి లాగితే ముడి పడుతుంది. పిల్లలు కూడా వేసే ముడి. మొదటిది పడలేదు. రెండోది పడింది. ఆమె దాన్ని చూసింది. ఆవగింజంత ఉంది. సూది బట్టలోకి దింపి లాగింది. ముడి వచ్చి బట్టకు తగిలి ఆగింది. ఆ ఆగడం ఆమె చేతికి తెలిసింది. వాడి పక్కటెముకలు ఊపిరితో పైకీ కిందకీ ఆడుతున్నాయి. సూది వాడికి గుచ్చుకోకుండా ఎడమచేతి రెండు వేళ్ళు బట్టకూ ఒంటికీ మధ్య పెట్టింది. ఆ ఒళ్ళు వెచ్చగా ఉంది. నడుం దాకా కుట్టింది. చివర మళ్ళీ ముడి వేసి, మీద ఇంకొకటి వేసింది. తర్వాత వాడిని రెండో వైపు తిరగమంది. అటువైపు కుట్టు విడిపోలేదు. అయినా కొన దగ్గర విప్పి అక్కడా ముడి వేసింది. మెడ దగ్గర, రెక్క దగ్గర, చేతి అంచుల దగ్గర, ముడి లేని చోటల్లా వేసింది. కెమెరావాళ్ళు గొణుక్కున్నారు. వెన్‌లీ వాళ్ళను ఆపింది.

అయిపోయాక యాచిన్ వాడి నోట్లోంచి దారం తీసుకుంది.

"వెళ్ళు నాయనా," అంది.

వాడు వెళ్ళి మోకరిల్లాడు. మోచేతులు నాలుగుసార్లు విదిలించాడు. కుట్టు నిలిచింది. ఆకుపచ్చ అంగీ మంచు మీద లేచి, రాజు గుడారం వైపు నడిచి వెళ్ళింది. యాచిన్ చూస్తూ నిలబడింది. దృశ్యం బాగా వచ్చిందని అందరూ అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. గుయ్‌లాన్ కూడా ముందు సీట్లోనే కూర్చుంది. వీధి మొగలో దిగాక మాత్రం ఆగి, రేపు పొద్దున పిలుస్తాను అని ముభావంగా చెప్పి వెళ్ళిపోయింది. రేపు షెడ్డులోకి రానిస్తారో లేదో ఇద్దరికీ తెలియదు.

చాంగ్‌షున్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బేసిన్‌లో వేడినీళ్ళతో కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆమె పొయ్యి మీద అన్నం పెట్టింది. పెట్టి, అటే తిరిగి నిలబడి, జరిగింది మొత్తం చెప్పింది. కొలతల కాగితం నుంచి ముడి దాకా. అతను వింటూ కూర్చున్నాడు. కాళ్ళ కింద నీళ్ళు చల్లారిపోయినా లేవలేదు.

"ఏమయ్యా," అందామె చివరికి. "ఆ రోజు వాడి దగ్గరికి నువ్వు వెళ్ళావు కదూ?"

పెద్దవాళ్ళు అతన్నీ గడప దాటవద్దనే చెప్పారు. బాయిలరుకి వెళ్తున్నానని చెప్పి బయటికి వెళ్ళాడు ఆ రోజు. ఆమెకు ఇన్నాళ్ళూ అనుమానమే.

"వెళ్ళాను," అన్నాడు.

"బట్టలు సరిపోయాయా?"

చాంగ్‌షున్ తువ్వాలు తీసుకుని కాళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడిచాడు.

"చేతులు పొట్టయ్యాయి," అన్నాడు మణికట్టు పైన వేలు పెట్టి. "ఇక్కడిదాకానే వచ్చాయి. లాగి చూశాను, రాలేదు. బొగ్గు దగ్గర వేసుకునే నా గ్లౌజులు ఉంటే తొడిగాను."

"మసివా?"

"మసివే. వేరేవి లేవు."

యాచిన్ పొయ్యి వైపు తిరిగే ఉంది. అన్నం పొంగి మూత కిందనుంచి గంజి కారుతోంది. ఆమె మూత తీయలేదు. కాసేపటికి అతనే లేచి, వట్టి కాళ్ళతో వచ్చి, మూత తీసి పక్కన పెట్టాడు.